కిటికీలకు దుప్పట్లు కట్టిన రోజు

నా స్లైడ్లు మొత్తం నలభై రెండు. మొదటి దాంట్లో 'సురక్షిత మాతృత్వం' అన్న అక్షరాలు ఏడు రంగుల్లో గిరగిరా తిరుగుతూ వచ్చి తెర నడుమ నిలబడేవి. ఆ తర్వాత వచ్చే ప్రతి వాక్యమూ ఎడమవైపు నుంచి దూసుకొచ్చి, కారుకు బ్రేకు వేసినట్టు కీచుమని ఆగేది. ఆ చప్పుడు పెట్టింది నేనే. ఎందుకు పెట్టానంటే, పెట్టడం వచ్చు కాబట్టి. ఖమ్మంలో కంప్యూటర్ సెంటర్లో మూడు నెలలు కూర్చుని నేర్చుకున్న విద్య, ఊరికే పోనిస్తానా?

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన రోజులవి. ఊరికొక ఆశ కార్యకర్తను కొత్తగా పెడుతున్నారు. నేను భద్రాచలంలో గది కిరాయికి తీసుకుని, అడవి గూడేల్లో గర్భిణులకు ఆరోగ్య సంగతులు చెప్పే ఒక చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. పెళ్లి కాలేదు. కాన్పు గది లోపల ఎలా ఉంటుందో చూసిందీ లేదు. అయినా కాన్పు గురించి గంటన్నర మాట్లాడగలిగేదాన్ని. నేల విడిచి సాము చేయడమంటే ఏమిటో ఆ రోజుల్లో నన్ను చూసి నేర్చుకోవచ్చు.

నాకంటే ముందు ఆ గూడేల్లో మాట్లాడింది నర్సమ్మ. ఆమె సర్కారు నర్సు, కల్లూరు వైపు మనిషి, యాభై దాటింది. ఇరవై ఏళ్లుగా అడవి దారులు తొక్కుతున్న కాళ్లు ఆమెవి. ఆమె దగ్గర స్లైడ్లూ లేవు, మైకూ లేదు. అంచులు చిరిగిన బొమ్మల చార్టు ఒకటి, బీపీ చూసే పట్టీ ఒకటి, ఒక కర్రపీట. మీటింగు రోజున బడి గడప పక్కన ఆ పీట ముందు వేసుకుని నేల మీద కూర్చునేది. లోపలికి పోయే ప్రతి గర్భిణీ ఆమె ముందు ఆగి, పీట మీద కాలు పెట్టాలి. నర్సమ్మ బొటనవేలితో ముంగాలి ఎముక మీద గట్టిగా నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి వేలు తీసేది. గుంట పడిందా, పడితే ఎంతసేపటికి పూడింది అని చూసేది. కంటి రెప్ప కిందికి లాగి చూసేది. చేతికి పట్టీ కట్టేది. ఆ కాసేపట్లో ఆమె అడగనిది ఉండదు, వాళ్లు చెప్పనిది ఉండదు. టోల్‌గేటు దగ్గర బండి ఆగినట్టు, ఆ గడప దగ్గర ఆగకుండా ఎవరూ లోపలికి పోయేవారు కాదు.

ఇదంతా నాకు పని ఆలస్యం చేసే తంతుగా కనిపించేది. మూలన పడేయాల్సిన, కాలం చెల్లిన పద్ధతిగా కనిపించేది. మా సంస్థకు ప్రొజెక్టర్ వచ్చింది. ఇక నుంచి మీటింగులన్నీ స్లైడ్లతోనే జరగాలని, జరిగినట్టు ఫోటోలు తీసి రిపోర్టుతో పాటు పంపాలని మా సారు చెప్పాడు. నర్సమ్మకు నా నలభై రెండు స్లైడ్లూ ఆఫీసులో ఒకసారి వేసి చూపించాను. చివరిదాకా ఓపిగ్గా చూసింది.

"ఇన్ని బొమ్మలు చూపించేలోపల కాన్పు ఇక్కడే అయిపోయిద్ది తల్లీ," అంది.

నేను నవ్వాను గానీ లోపల మండింది. ఈవిడకు కొత్తదంటే గిట్టదు అనుకున్నాను.

ఆ రోజు ఆదివారం. ఎండలు ముదురుతున్న కాలం. భద్రాచలం నుంచి పర్ణశాల పోయే రోడ్డులో చాలా దూరం పోయాక, అడవిలోకి తిరిగే మట్టిదారి చివర ఒక గూడెం. జీపులో ప్రొజెక్టరు, లాప్‌టాప్, స్టెబిలైజరు, తెరగా కట్టడానికి ఖమ్మంలో కొన్న తెల్లటి దుప్పటి, నర్సమ్మ, ఆమె పీట. గూడెంలో కరెంటు పొద్దున తొమ్మిదికి వచ్చి పన్నెండుకు పోతుందని ఆశ కార్యకర్త ముందే చెప్పింది. మేం చేరేసరికే పది దాటింది.

నర్సమ్మ మామూలుగానే గడప పక్కన పీట వేయబోయింది.

"సిస్టర్, ఈ రోజు పరీక్షలు తర్వాత. ముందు స్లైడ్లు," అన్నాను.

"గంటలో అయిపోయిద్దమ్మా. ఎప్పుడూ చేసేదేగా."

"కరెంటు మీ కోసం ఆగదు సిస్టర్. ఇప్పుడు మొదలుపెట్టకపోతే సగం కూడా కావు. అందరినీ లోపలికి రానివ్వండి. ఏమైనా చెప్పుకునేదుంటే బొమ్మలయ్యాక మీకే చెప్పుకుంటారు."

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, పీట పక్కకు జరిపింది. ఆశ కార్యకర్త ఇదే మాట వచ్చిన వాళ్లందరికీ కోయ భాషలో చెప్పింది. బొమ్మలయ్యాకే అడుగుతారు, లోపలికి పోండి అని. నా మాట నెగ్గిందని నేను సంతోషపడ్డాను కూడా. దాచుకోవడమెందుకు, బాగా సంతోషపడ్డాను.

బడి గదికి నాలుగు కిటికీలు. రెక్కలు లేవు, ఊచలే. బయట ఎండ ఎలా ఉందంటే, గోడకు కట్టిన దుప్పటి మీద నా ఏడు రంగుల అక్షరాలు వెలిసిపోయిన చీర అంచులా కనిపించాయి. అది నేను ఒప్పుకోలేను. ఇళ్లలోంచి దుప్పట్లు తెమ్మన్నాను. పాపం, పరుగున పోయి తెచ్చారు. నాలుగు కిటికీలకూ కట్టించాను. తలుపు దగ్గరగా వేయించాను. గది చీకటైంది. తెర మీద రంగులు ధగధగలాడాయి. ముప్పై మంది దాకా ఆడవాళ్లు నేల మీద కూర్చున్నారని తెలుసు గానీ, వాళ్లలో ఒక్కరి మొహమూ నాకు కనిపించడం లేదు. అది లోటని నాకు తోచనే లేదు. చూడాల్సింది వాళ్లు కదా, నన్నెవరు చూడమన్నారు?

నేను తెర వైపు తిరిగి చదవడం మొదలుపెట్టాను. చదవడమే. స్లైడు మీద ఏముంటే అది. అక్కడున్న వాళ్లలో అక్షరం వచ్చిన వాళ్లు ఎంతమందో నేను అడగలేదు. నేను చదివింది ఆశ కార్యకర్త ముక్కలు ముక్కలుగా కోయలో చెప్పేది. ఆమె ఒక ముక్క పూర్తిచేసేలోపు నేను ఇంకో రెండు బ్రేకులు వేసేసేదాన్ని. మధ్యమధ్యలో "అర్థమైందా?" అని అడిగితే చీకట్లోంచి "అవ్" అని అందరూ ఒక్క గొంతుతో అనేవారు. ఇంటికొచ్చిన మనిషి ఏదైనా అడిగితే అవ్ అనడం ఇక్కడి మర్యాద. కాదంటే వచ్చిన మనిషిని చిన్నబుచ్చినట్టు. ఆ సంగతి నర్సమ్మకు తెలుసు. అందుకే ఆమె ఎప్పుడూ "అర్థమైందా" అని అడిగేది కాదు, "ఏం అర్థమైందో చెప్పు" అనేది. నేను మాత్రం ప్రతి అవ్‌నీ ఒక మెడల్‌లా మెడలో వేసుకుని ముందుకు పోయాను.

పదో స్లైడు దగ్గర అనుకుంటాను, తెర కింది అంచున ఒక తల నీడ పడింది. వెనకెక్కడో కూర్చున్న ఒకామె జరుగుతూ జరుగుతూ ముందుకొచ్చింది. ఇంకా జరిగి తెరకు మోకాళ్లు ఆనేంత దగ్గరకు వచ్చింది.

"కొంచెం వంగమ్మా, అడ్డం వస్తోంది," అన్నాను.

"మసకగ కనపడ్తాంది అక్కా," అంది. చిన్న గొంతు. ఇరవై ఏళ్లుంటాయేమో అనిపించింది.

ఓహో, ఫోకస్ పోయింది అనుకున్నాను. ప్రొజెక్టర్ ముందున్న చక్రం అటూ ఇటూ తిప్పి అక్షరాలను చురుగ్గా చేశాను. "ఇప్పుడు?" అన్నాను. వెనక నుంచి అందరూ మంచిగుంది అన్నారు. ఆమె మాత్రం, "నాకు మసకనే ఉన్నది," అంది.

మళ్లీ తిప్పాను. మళ్లీ అందరూ బాగుందన్నారు, ఆమె లేదంది. ఇంకొంచెం ముందుకు జరిగింది. ఈసారి ఆమె తల తెర మీద సగం బొమ్మను కప్పేసింది. టైము పోతోంది. కరెంటు పోతుంది. నా నోరు జారింది.

"ముప్పై మందికి కనిపించేది నీ ఒక్కదానికే కనిపించదా? నిద్ర వస్తుంటే మొహం కడుక్కునిరా పో!"

అందరూ ఘొల్లున నవ్వారు. వెనక నుంచి ఒక చెయ్యి ఆమె భుజం పట్టుకుని లాగింది. అది వాళ్ల అత్త అని తర్వాత తెలిసింది. ఆ పిల్ల ఇక మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ నవ్వు నాకు నచ్చింది. మీటింగు పట్టాలెక్కింది అనుకున్నాను. ఆ ఊపులో చిన్న కెమెరాతో రెండు ఫ్లాష్ ఫోటోలు కూడా తీసుకున్నాను, రిపోర్టు కోసం.

ఇరవై ఆరో స్లైడు పేరు 'ప్రమాద సూచనలు'. ఎర్రటి అక్షరాలు. కాళ్లకు, ముఖానికి వాపు, కీచు. తీవ్రమైన తలనొప్పి, కీచు. చూపు మసకబారడం, కీచు. పైకడుపులో నొప్పి, కీచు. పక్కన ఒక పాదం బొమ్మ. ఏదో దేశం పుస్తకంలోంచి దించిన తెల్లటి, గులాబీరంగు పాదం. దాని మీద వేలితో నొక్కిన గుంట.

"గిదేంది, దొరసాని కాలా?" అని ఒక ముసలామె గొంతు.

"ఆళ్లకు గట్ల ఉబ్బుతయేమో," అని ఇంకొకరు. "మన ఆడోళ్లకు కాళ్లల్ల నీళ్లు దిగుడు మామూలే గద."

మళ్లీ నవ్వులు. అది మామూలు కాదని చెప్పడానికే ఆ స్లైడు. ఆగాల్సింది అక్కడే. కానీ ఇంకా పదహారు ఉన్నాయి. "అర్థమైందా?" అన్నాను. "అవ్" అన్నారు. మీట నొక్కాను.

'చూపు మసకబారడం' అని నా నోటితో నేనే చదివాను. గొంతెత్తి, స్పష్టంగా చదివాను. చదువుతున్నప్పుడు నాకేమీ తట్టలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను నమ్మలేకపోతున్నది ఇదే. మనిషి తన నోటి మాటను తనే వినకుండా ఉండగలడా? ఉండగలడు. తెర వైపు తిరిగి చదివితే ఉండగలడు.

ముప్పై ఒకటో స్లైడు దగ్గర కరెంటు పోయింది. ప్రొజెక్టరు గుయ్ అంటూ ఆగిపోయింది. తెర మాయమైంది. నేను విసుగ్గా, "ఆ దుప్పట్లు విప్పండి," అన్నాను. నర్సమ్మే లేచి మొదటి కిటికీ దుప్పటి లాగేసింది. ఎండ గదిలోకి దూకింది. అందరూ కళ్లు చిట్లించి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. కాసేపటికి అందరి కళ్లూ కుదురుకున్నాయి.

ముందు కూర్చున్న ఆ పిల్ల ఇంకా కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. గోడకు వేలాడుతున్న ఉత్త దుప్పటి వైపే చూస్తోంది. ఇందాక తిట్టాను కదా, నన్ను సంతోషపెట్టాలని కష్టపడి చూస్తున్నట్టుంది. నా వైపు తిరిగి, తప్పు చేసినట్టు అంది.

"ఇంకా మసకనే ఉన్నది అక్కా."

నా చెయ్యి ఫోకస్ చక్రం మీదికి పోయింది. నిజంగానే పోయింది. వేళ్లు దాన్ని పట్టుకున్నాయి కూడా. అప్పుడు దాని ముందున్న అద్దం వైపు చూశాను. దీపం లేదు. ప్రొజెక్టరు ఆగిపోయి ఉంది. మసకగా ఉండటానికి గోడ మీద అసలు బొమ్మే లేదు.

ఆ వెలుతురులో మొదటిసారి ఆమె మొహం చూశాను. రెప్పలు ఉబ్బి, కళ్లు గీతల్లా ఉన్నాయి. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. చేతి గాజులు కండలోకి దిగిపోయి ఉన్నాయి. గంటసేపు ఆ మనిషి నాకు మూరెడు దూరంలో కూర్చుంది. నేను చేయి చాపితే తగిలేంత దగ్గర.

నర్సమ్మ అప్పటికే ఆమె ముందు కూర్చుని కాలు ఒళ్లోకి తీసుకుంది. బొటనవేలు నొక్కి తీసింది. గుంట పడింది. పది లెక్కపెట్టినా, ఇరవై లెక్కపెట్టినా పూడలేదు.

"ఎన్నో నెల?"

"ఎనిమిది," అంది అత్త.

"తల నొస్తోందా?"

"నిన్నటిసంది పలుగుతాంది," అంది ఆ పిల్ల.

"మరి చెప్పలేదేందే తల్లీ!"

"చెప్పుదమనే వచ్చిన నర్సమ్మా. బొమ్మలైనంక అడుగుతరన్నరు గద."

ఆ మాట అన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. నర్సమ్మ చేతికి పట్టీ కట్టి చూసింది. నాకు అంకె చెప్పలేదు. పట్టీ విప్పుతూ, "జీపు తీయమను, భద్రాచలం," అంది. ఆమె గొంతు అంత మెల్లగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు.

అందరూ లేచారు. ఎవరో చాప తెచ్చారు, ఎవరో నీళ్లు తెచ్చారు. నేనేం చేశానో చెబితే నమ్మరు. ప్రొజెక్టర్ వైరు చుట్టలు చుడుతున్నాను. మోచేతికీ అరచేతికీ మధ్య, ఒక చుట్ట మీద ఇంకో చుట్ట, పొందిగ్గా.

"ఆ తాడు ఇడిసిపెట్టు!" అని నర్సమ్మ అరిచింది. "వచ్చి ఈ పిల్ల చంకలో చెయ్యి వెయ్యి!"

జీపులో వెనక సీట్లో ఆమెను పడుకోబెట్టాం. తల అత్త ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. నర్సమ్మ కింద మోకాళ్ల మీద. మట్టిదారిలో జీపు ఎగిరెగిరి పడుతుంటే ఆ పాదాలను నా చేతుల్లో పట్టుకుని కూర్చున్నాను. నా వేళ్లు ఎక్కడెక్కడ ఆనాయో అక్కడల్లా గుంటలు పడుతున్నాయి. ఇరవై ఆరో స్లైడు నా ఒళ్లో ఉంది.

తారురోడ్డెక్కిన కాసేపటికి ఆమె కళ్లు పైకి తేలాయి. దవడ బిగుసుకుంది. ఒళ్లంతా కొట్టుకోవడం మొదలైంది. అత్త గావుకేక పెట్టింది. చేతిలో ఇనుము పెడితే ఫిట్స్ ఆగుతాయని, జీపు అడుగున పడి ఉన్న పానా ఒకటి తీసి కోడలి గుప్పిట్లో కుక్కింది. నర్సమ్మ అదేమీ పట్టించుకోలేదు.

"పక్కకు తిప్పు!" అంది నాతో.

"ఏ పక్కకు?"

నేనే అడిగాను. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి అన్నది నా ముప్పై అయిదో స్లైడు. దానికి బాణం గుర్తు పెట్టింది నేను. ఆ బాణం మూడుసార్లు మెరిసేటట్టు చేయడానికి ఒక సాయంత్రమంతా కూర్చుంది నేను. నా బుర్రలో మాత్రం ఎడమా లేదు, కుడీ లేదు. నర్సమ్మే తన చేత్తో ఆమెను ఎడమకు తిప్పింది. నోట్లోంచి కారుతున్న నురగ తన కొంగుతో తుడిచింది.

దవాఖానాలో వాళ్లు చేయాల్సిందంతా చేశారు. ఇంజక్షన్లిచ్చారు, సెలైన్ పెట్టారు, లోపలికి తీసుకుపోయారు. నేను, అత్త వరండాలో కూర్చున్నాం. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. అంటుందేమోనని ఎదురుచూశాను. సాయంత్రం నర్సమ్మ బయటికొచ్చి తల్లి బతికిందని చెప్పింది. ఆడపిల్ల, ఊపిరి లేకుండానే పుట్టిందని చెప్పింది. అత్త నేల మీద కూర్చుని అరచేత్తో నేలను కొడుతూ ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడవడానికి కూడా ఏదో హక్కుండాలి కదా, అది నాకు లేదనిపించింది.

"ముందే నొక్కి చూసి ఉంటే?" అని నర్సమ్మను అడిగాను.

"ఒక గంట ముందు బయల్దేరేవాళ్లం. ఆ గంటలో ఏమయ్యేదో దేవుడికి ఎరుక," అంది. తర్వాత, "నువ్వొక్కదానివే కాదులే. పీట పక్కకు జరిపింది నేనేగా," అంది. నన్ను ఓదార్చడానికి అందో, నిజంగానే అందో నాకు తెలియలేదు. ఓదార్పు అయితే కాలేదు.

మూడో రోజు ఆఫీసులో కెమెరాలోంచి ఫోటోలు దించాను. పక్క నుంచి తీసిన మొదటి ఫోటోలో తెర చక్కగా వచ్చింది, రంగులు బాగా వచ్చాయి. ఫ్లాష్ వెలుగులో ఆడవాళ్లందరూ తెర వైపు చూస్తున్నారు. ముందు ఒక్క పిల్ల మాత్రం చూపుడువేలూ బొటనవేలితో రెప్పలు విడదీసి పట్టుకుని చూస్తోంది. ఉబ్బిన మొహం, ఉబ్బిన చేతులు, అన్నీ ఉన్నాయి. ఆ ఫోటో తీసింది నేను. తీయగానే కెమెరా వెనక చిన్న అద్దంలో చూసుకుంది కూడా నేనే. తెర మూలలు కట్టయ్యాయా లేదా అని మాత్రమే చూశాను.

మా సారు వచ్చి, "అన్ని స్లైడ్లూ అయ్యాయా?" అని అడిగాడు. ఆయనకు ఇంకా తెలియదు. లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి ఆ ఫోటో చూపించాను, జరిగింది చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. రిపోర్టు ఊసు ఆ నెలంతా ఎత్తలేదు.

ఉద్యోగం మానేద్దామనుకున్నాను. ఖమ్మం పోయి ఏదైనా కోచింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకోవచ్చు, అక్కడ అక్షరాలు ఎగిరినా ఎవరి ప్రాణమూ పోదు. నర్సమ్మ ఒప్పుకోలేదు. "తప్పు తెలిసినదాన్ని పంపి, తెలియనిదాన్ని తెచ్చుకోమంటావా?" అని కసిరింది. నాలుగు నెలలు ఆమె పీట మోశాను. గడప పక్కన కూర్చుని వందల కాళ్లు నొక్కాను. వేలి కింద చర్మం ఏం చెబుతుందో మెల్లమెల్లగా తెలిసింది. ఇంకొకటి కూడా తెలిసింది. కాలు పట్టుకున్నప్పుడు మనిషి నిజం చెబుతుంది. చీకట్లో కూర్చోబెట్టి అడిగితే అవ్ అంటుంది.

తర్వాత మళ్లీ స్లైడ్లు చేశాను. మానలేదు. బొమ్మకున్న బలం బొమ్మకుంది, అది నేనెప్పుడూ కాదనను. కానీ ఈసారి నాలుగే. అక్షరాలు లేవు, చప్పుడు లేదు. ఒక గూడెంలో వాపు వచ్చిన ఒకామెను అడిగి, ఆమె కాలు మీద నర్సమ్మ వేలు పెట్టించి ఫోటో తీశాను. నల్లటి కాలు, పగిలిన మడమ, అంటుకున్న మట్టి. దాన్ని మొదటిసారి వేసిన రోజు ఎవరూ దొరసాని కాలు అనలేదు. ముందు వరుసలో ఒకామె వంగి తన ముంగాలు తనే నొక్కి చూసుకుంది. ఆమెను చూసి పక్కనామె. కాసేపట్లో గదిలో అందరూ కాళ్ల మీదికి వంగారు. తెరను ఒక్కరూ చూడటం లేదు. నాకు అంతకంటే ఏం కావాలి?

కిటికీలు మూయడం మానేశాను. బొమ్మ వెలిసిపోతే పోనీ. గదిలో నీడ పడే మూల చూసుకుని తెర కడతాను, తెరకు వీపు పెట్టి మనుషుల వైపు నిలబడతాను. లాప్‌టాప్‌లో ఒక మీట నొక్కితే తెర మొత్తం నల్లబడుతుంది. ఆ మీట ఉందని నాకు మూడు నెలల కోర్సులో ఎవరూ చెప్పలేదు. ఒక్కో బొమ్మ తర్వాత అది నొక్కి, నోరు మూసుకుని కూర్చుంటాను. ముందు ఇబ్బందిగా ఉంటుంది. తర్వాత ఎవరో ఒకరు దగ్గుతారు, ఇంకెవరో ఒక మాట అంటారు. వాళ్లు మాట్లాడటం అయ్యేదాకా రెండో బొమ్మ వేయను. కరెంటు పోతే పోయింది.

మరుసటేడు అదే గూడెంలో మీటింగు. నేను గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉన్నాను. పీట మీద ఒక కాలు వచ్చి ఆగింది. తలెత్తి చూస్తే ఆ పిల్లే. మొహం సన్నగా, కళ్లు పెద్దగా ఉన్నాయి. ఆమె కళ్లు అంత పెద్దవని నాకు తెలియదు. మళ్లీ అయిదో నెల అంది. బొటనవేలితో నొక్కాను. గుంట లేదు. నమ్మకం చాలక రెండో కాలు కూడా నొక్కాను, లేదు. నర్సమ్మను పిలిచి మళ్లీ చూడమన్నాను. ఆమె చూసి, బీపీ కూడా చూసి, ప్రతి వారం చూపించుకోవాలని గట్టిగా చెప్పి పంపింది.

మీటింగు అయ్యేదాకా నేను ఆమె కూర్చున్న వైపు సరిగ్గా చూడలేకపోయాను. అంతా అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఆమె వెళ్లలేదు. నేను దుప్పటి మడత పెడుతుంటే రెండో కొస పట్టుకుంది. ఇద్దరం కలిసి మడుస్తున్నాం.

"నీ బొమ్మలు మంచిగున్నయి అక్కా. ఇయ్యాల అన్ని కనపడ్డయి," అంది. కొస సరిచేసుకుంటూ, "పోయినేడు ఏం చూపిచ్చినవ్? నాకు కనపళ్లే గద. మా అత్తనడిగితే యాదికి లేదంటది," అంది.

అబద్ధం చెప్పాలనిపించింది. చాలా గట్టిగా అనిపించింది. కానీ చెప్పలేదు.

"కడుపుతో ఉన్నప్పుడు కాళ్లు, మొహం ఉబ్బితే, తల బాగా నొస్తే, చూపు మసకబారితే, వెంటనే నర్సమ్మకు చెప్పాలని రాసి ఉంది," అన్నాను.

ఆమె మొహంలో కోపం రాలేదు. వస్తుందనుకుని నేను కాచుకుని ఉన్నాను. దుప్పటి కొస చేతిలో పట్టుకుని, ఎక్కడో లెక్క కుదరనట్టు, నుదురు ముడిచి నా వైపు చూసింది.

"నేను చెప్పిన గదక్కా," అంది.